బీరువా మీద పిల్లి: విశాఖలో ఒక ఇంటి గాలి కేసు

నేను పశువైద్యుణ్ణి. విశాఖలో ఎక్కువగా కుక్కలు, పిల్లులనే చూస్తాను. ఈ కేసులో మొదటి రెండు నెలలు నేను తప్పు దారిలో వెళ్ళాను. ఎక్కడ తప్పానో, ఎందుకు తప్పానో దాచకుండా రాస్తున్నాను. ఇంటివాళ్ళ అనుమతి ఉంది. పేర్లు, ఏరియా, గుర్తుపట్టడానికి వీలయ్యే మరికొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

పోర్టుకు మరీ దూరం కాని ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూంలు. భార్యాభర్తలు, ఆరేళ్ళ పాప, పాప నాయనమ్మ, నాలుగేళ్ళ మగ పిల్లి. పిల్లిని ఇక్కడ బుజ్జి అంటాను. పర్షియన్ క్రాస్, ఆపరేషన్ అయింది, గడప దాటి ఎరగదు.

ఆ చుట్టుపక్కల పొద్దున్న తుడిచిన బాల్కనీలో సాయంత్రం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. బొగ్గు, ఇనుప ఖనిజం దిగే, ఎక్కే పోర్టు పక్కన ఉన్నవాళ్ళకి ఇది అలవాటే. పైగా 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి లీకై మనుషులు, పశువులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నప్పటి నుంచి మా ఊళ్ళో చాలామందికి బయటి గాలి అంటేనే బెదురు. ఈ ఇంట్లో కిటికీలు దాదాపు ఎప్పుడూ మూసే ఉండేవి.

ఆ కిటికీల సంగతి కొంచెం చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పాత చెక్క కిటికీలను పనికిరాకుండా చేసింది. తర్వాత యూపీవీసీ స్లైడింగ్ కిటికీలు బిగించారు. చప్పుడు రాదు, దుమ్ము రాదు. చెక్క రెక్కల సందుల్లోంచి రాత్రంతా వచ్చిపోయే గాలి కూడా రాదు. కానీ అది ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

సమస్య, నా మొదటి తప్పు

సెప్టెంబరులో పాప తల్లి బుజ్జిని తెచ్చారు. "వాంతికొస్తున్నట్టు చేస్తోంది సార్, ఏమీ పడట్లేదు." బొచ్చు పిల్లి, రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది, వెంట్రుకల ఉండ అడ్డం పడి ఉంటుందనుకున్నాను. హెయిర్‌బాల్ పేస్టు రాసిచ్చి పంపాను. మూడు వారాలు అలాగే గడిచాయి.

పిల్లి దగ్గు మనిషి దగ్గులా ఉండదు. కడుపు నేలకి ఆనించి, మెడ ముందుకు చాచి, లోపల్నుంచి ఏదో కక్కుతున్నట్టు చేస్తుంది. చివర్లో ఒకసారి గుటక వేసి, ఏమీ జరగనట్టు లేచి పోతుంది. వాంతి అయితే పొట్ట ఎగిరి ఎగిరి పడుతుంది, ఏదో ఒకటి బయటికొస్తుంది. ఈ తేడా నాకు తెలియనిది కాదు. వీడియో అడగలేదు, అంతే. అక్టోబరులో అడిగాను. ఇరవై సెకన్ల వీడియో చూడగానే సిగ్గేసింది. అది వాంతి కాదు, దగ్గు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టమంటే నిమిషానికి 44 అన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నిద్రలో 30 దాటకూడదు.

ఎక్స్‌రేలో శ్వాసనాళాల గోడలు దళసరిగా, చిన్న చిన్న రింగుల్లా కనిపించాయి. రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీ, పురుగులు ఉన్నప్పుడు పెరిగే ఒక రకం తెల్ల కణాలు) పెరిగాయి. గుండె పురుగు పరీక్ష నెగటివ్. ఊపిరితిత్తుల పురుగు అనుమానం వదిలించుకోవడానికి ఐదు రోజులు ఫెన్‌బెండజోల్ ఇచ్చాను. ఇన్ఫెక్షన్ కోసం డాక్సీసైక్లిన్ కూడా వాడాను. రెండూ వాడినా తేడా లేదు. మత్తిచ్చి శ్వాసనాళాల్లోంచి శాంపిల్ తీయొచ్చు. కానీ 44 ఊపిరితో ఉన్న పొట్టి ముక్కు పిల్లికి మత్తు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ఉబ్బసం అనే అంచనాతో స్టెరాయిడ్ మొదలుపెట్టాను.

ప్రెడ్నిసొలోన్ ఐదు రోజుల్లో అద్భుతంగా పనిచేసింది. డోసు తగ్గించగానే దగ్గు తిరగబెట్టింది. పెంచితే తగ్గింది, తగ్గిస్తే వచ్చింది. డిసెంబరు దాకా ఇదే వరస. పసిపిల్లలకి ఇన్‌హేలర్ మందు పట్టించే గొట్టం, స్పేసర్ అంటారు, దానికి చిన్న మాస్కు తగిలించి ఇన్‌హేలర్ అలవాటు చేశాం. బుజ్జి దానికి ఒప్పుకోవడానికే రెండు వారాలు పట్టింది, మధ్యలో వాళ్ళ నాన్న చేతి మీద గీతలు. ఇన్‌హేలర్ పూర్తిగా అందుకున్నాక కూడా వారానికి నాలుగైదు రాత్రులు దగ్గేది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మందు పనిచేస్తోంది, అంటే రోగ నిర్ధారణ దాదాపు సరైనదే. డోసు దించగానే తిరగబెడుతోంది, అంటే రోజూ ఏదో దాన్ని రాజేస్తోంది. నేను మంట ఆర్పుతున్నాను, పక్కన ఎవరో కట్టెలు వేస్తున్నారు.

తలుపు దగ్గర అన్న మాట

డిసెంబరు చివర్లో మందులు తీసుకుని వెళ్తూ తల్లి తలుపు దగ్గర ఆగి అన్నారు: "మా పాపకీ ఇదే టైంకి దగ్గు సార్. అత్తయ్యగారికీ అంతే. మా ఇంట్లో అందరూ ఒక పాటే."

కూర్చోమని చెప్పి కాగితం తీశాను. ఎవరు రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారో రాయించాను. బుజ్జి 24. నాయనమ్మ 22, సాయంత్రం గుడికి వెళ్ళొస్తారు. పాప 17. తల్లి 14, తుమ్ములు తప్ప ఇబ్బంది లేదు. తండ్రి 10, ఏ ఇబ్బందీ లేదు. గంటలు ఎక్కువైనకొద్దీ దగ్గు ఎక్కువ. ఆ కాగితం చూసి నాకు చాలా ఉత్సాహం వచ్చింది. అందులో ఒక వరుస నన్ను మోసం చేసిందని తర్వాత తెలిసింది. అది ముందుకి వస్తుంది.

అప్పటికే పాపని చూసే పిల్లల డాక్టరు పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమన్నారట. ఆ సలహా తీసిపారేసేది కాదు. పిల్లి అలర్జీ నిజంగా ఉన్న పిల్లలుంటారు. పాప వైద్యం నా పరిధి కూడా కాదు. తల్లిదండ్రుల అనుమతితో ఆయనకి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పాను. పిల్లికి కూడా ఉబ్బసమే ఉంది, ఇద్దరికీ ఒకే కారణం ఉండొచ్చు అన్నది ఒకటి. పిల్లిని పంపేసినా దాని అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం) పరుపుల్లో, సోఫాల్లో నెలల తరబడి ఉంటుంది, కాబట్టి ఓ వారం పంపి చూస్తే ఏమీ తేలదు అన్నది రెండోది. ముందు రక్తపరీక్ష చేద్దామన్నారు ఆయన. డస్ట్ మైట్ (పరుపుల దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు) గట్టిగా పాజిటివ్, పిల్లి నెగటివ్ వచ్చింది. బుజ్జి ఇంట్లో ఉండిపోయింది.

సంక్రాంతి

ఏ ప్రయోగశాలా చేయలేని పరీక్ష పండగ చేసిపెట్టింది. జనవరిలో వాళ్ళు ఆరు రోజులు ఊరెళ్ళారు. బుజ్జిని ఒక బోర్డింగ్‌లో వదిలారు. నేల మీద గది, రెండు వైపులా జాలీ కిటికీలు. మందు డోసు మార్చొద్దని నేను గట్టిగా చెప్పాను. మూడో రాత్రి నుంచి దగ్గు లేదు. ఊళ్ళో పాప భోగి మంట దగ్గర ఒక పూట బాగా దగ్గింది, మిగతా రాత్రులు హాయిగా పడుకుంది. ఇంటికొచ్చిన రెండో రాత్రికి పాపకీ, పిల్లికీ ఇద్దరికీ మళ్ళీ మొదలు.

దీంతో తేలిపోయిందని అనలేను. బోర్డింగ్‌లో లిట్టర్ (పిల్లి మలమూత్రాలకి ట్రేలో పోసే పొడి) వేరు, నేల తుడిచే మందు వేరు, దోమల సంగతి వేరు. అన్నీ ఒకేసారి మారాయి. కారణం ఇంట్లోనే ఉంది అన్నంత వరకే తెలిసింది. ఏది అన్నది ఇల్లు చూస్తేగానీ చెప్పలేను.

నేను ఇల్లు చూసేలోపు వాళ్ళు సొంతంగా రెండు పనులు చేశారు. సెంటు వాసన, సన్నటి దుమ్ము లేచే బెంటొనైట్ మట్టి లిట్టర్ మానేసి చెక్క గుళికలు పెట్టారు. మంచి పనే, కొంచెం మెరుగైంది. రెండోది, ఎయిర్ ప్యూరిఫయర్ కొని హాల్లో టీవీ పక్కన పెట్టారు. దాని మీద పచ్చ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. "గాలి బాగుందని మెషీనే చెప్తోంది కదా సార్" అన్నారు తండ్రి.

ఇల్లు చూడటం

జనవరి చివర్లో ఒక సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. కావాలనే ఆ వేళ ఎంచుకున్నాను. దీపం పెట్టడం, దోమలు, వంట, పిల్లలు ఇంటికి రావడం, ఇంటి గాలిని మార్చే పనులన్నీ ఆరు నుంచి తొమ్మిది మధ్యే జరుగుతాయి. చేతిలో గాలిలోని అతి సన్నటి కణాలను కొలిచే ఒక చిన్న పీఎం 2.5 మీటరు, ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు. ఇలాంటి చవక మీటర్లు మన తేమలో అసలు కన్నా ఎక్కువ చూపిస్తాయి. అందుకే అంకెను అంకెగా నమ్మను. ఈ గదికీ ఆ గదికీ, ముందుకీ తర్వాతకీ తేడానే చూస్తాను.

నాయనమ్మ ఎదురొచ్చారు. "ఏటి బాబూ, పిల్లికి మందెయ్యడానికొచ్చావా, మా ఇల్లు తనిఖీకొచ్చావా?"

"రెండూనండి మామ్మగారూ. ముందు మీ చేతి టీ తాగి మొదలెడతాను."

బాల్కనీలో మీటరు 58 చూపించింది. హాల్లో ప్యూరిఫయర్ దగ్గర 35. పోల్చుకోడానికి చెప్తాను. 24 గంటల సగటు మన దేశ ప్రమాణం ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 15. అంటే ఇంట్లో అందరూ భయపడే ఆ బయటి గాలి గొప్పగా ఏం లేదు, అలాగని ఆ సాయంత్రం ప్రళయమూ కాదు.

నాయనమ్మ, పాప పడుకునే గదిలో ఆరున్నరకి దోమల కాయిల్ వెలిగించి తలుపు వేశారు. పాపకి పొగ తగలకూడదని ముందే వెలిగించి, తొమ్మిదింటికి ఆర్పేసి, అప్పుడు పడుకోబెడతారు. ఎంతో జాగ్రత్తగా చేస్తున్నామనే వాళ్ళ నమ్మకం. అరగంట తర్వాత తలుపు తోసి చూస్తే మంచం ఎత్తులో మీటరు 380 దాటింది. పైకి చూశాను. బీరువా మీద, కప్పుకి రెండడుగుల దూరంలో, బుజ్జి ముడుచుకుని పడుకుని ఉంది. అది దాని చోటు, రోజూ సాయంత్రం అక్కడే. వేడి పొగ పైకే పోతుంది. స్టూలెక్కి మీటరు పైన పెడితే 600 పైమాటే. కాయిల్ ఆర్పి, పాప పడుకున్నాక, తొమ్మిదిన్నరకి కూడా గదిలో 200. పొగ కనిపించడం లేదు, వాసన కూడా పెద్దగా లేదు. కిటికీ అంత బిగువుగా ఉంటే ఆ కణాలు ఎక్కడికి పోతాయి?

ఒక కాయిల్ కాలినప్పుడు వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ మాట చెప్పేసరికి తండ్రి ముఖం పాలిపోయింది. ఆయన పాప పుట్టినప్పుడే సిగరెట్ మానేశారట.

కార్బన్ డయాక్సైడ్ మీటరు ఆ రాత్రి గదిలోనే వదిలి వచ్చాను. తెల్లవారి ఐదింటికి 1,900 పీపీఎం. బయటి గాలిలో 420 చిల్లర ఉంటుంది. దగ్గు తెప్పించేది ఆ వాయువు కాదు. రాత్రంతా గదిలోకి కొత్త గాలి ఎంత తక్కువ వచ్చిందో అది చెప్తుంది.

ఇంకా కొన్ని కనిపించాయి. పొద్దున, సాయంత్రం రెండేసి అగరొత్తులు, శుక్రవారం సాంబ్రాణి. నేల తుడవడానికి ఫినాయిల్. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను మన కాలేయంలా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అవన్నీ దాని కడుపులోకే. దగ్గుకి దీనితో సంబంధం ఉందో లేదో గానీ ఆ రోజే మాన్పించాను.

ఏది ముందు మార్చాలి

ఒక్కొక్కటే మారిస్తే ఏది కారణమో తేలుతుంది, కానీ నెలలు పడుతుంది. అన్నీ కలిపి మారిస్తే త్వరగా తగ్గొచ్చు, కానీ జీవితాంతం అన్నీ మానుకుని బతకాలి. అది ఎవరూ చెయ్యరు, మూడు నెలలకి అన్నీ వెనక్కి వస్తాయి. ఆరేళ్ళ పాప ఊపిరి మీద ప్రయోగం సాగదీయడం కూడా తగదు. అందుకని అన్నిటికన్నా పెద్దదైన కాయిల్‌ని ఆ రాత్రే ఆపి, మిగతావి రెండేసి వారాల తేడాతో చూద్దామనుకున్నాం.

కాయిల్ ఆపేయండి అని చెప్పి చేతులు దులుపుకోలేం. విశాఖలో డెంగీ ఆటవస్తువు కాదు. పాప గదికి, హాలుకి దోమల మెష్ కొట్టించారు, మంచానికి దోమతెర కట్టారు. మెష్ బిగించే మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ దోమతెర ఒక్కటే. మెష్ వచ్చాక కిటికీలు తెరవడం సాధ్యమైంది. ఎప్పుడు తెరవాలన్నది రెండో ప్రశ్న. చలికాలం పొద్దున్నపూట పొగా దుమ్మూ కిందే పేరుకుని ఉంటాయి. ఎండెక్కాక, సముద్రం వైపు నుంచి గాలి మొదలయ్యాక మేలు. పదిన్నర నుంచి సాయంత్రం దాకా తెరవండి, బాల్కనీలో నల్లపొడి ఎక్కువ పడిన రోజు మానండి అన్నాను. రాత్రి రెండు వేళ్ళ సందు ఉంచమన్నాను. ప్యూరిఫయర్‌ని హాల్లోంచి బెడ్‌రూంకి మార్చాం. దానిలో గాలికి విద్యుదావేశం ఇచ్చే అయొనైజర్ బటన్ ఉంటే ఆపేయించాను, ఊపిరితిత్తులను రేపే ఓజోన్ వాయువు పుట్టించే అవకాశం ఉన్నది ఉబ్బసం ఉన్న గదిలో ఎందుకు?

సాంబ్రాణి దగ్గర మాత్రం మాట తెగలేదు. "దేవుడికి ధూపం ఎయ్యొద్దంటే ఎలాగ బాబూ?" అన్నారు మామ్మగారు. ఆవిడతో వాదన పెట్టుకోలేదు. మీటరు ఆవిడ చేతికిచ్చి అగరొత్తి వెలిగించమన్నాను. అంకె పరుగెత్తడం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడే తేల్చారు: లోపల నూనె దీపం, అగరొత్తి బాల్కనీలో తులసి కోట దగ్గర, సాంబ్రాణి శుక్రవారం పాప స్కూల్లో ఉన్నప్పుడు, కిటికీలు తీసి. నేను అడగాలనుకున్నదాని కన్నా ఎక్కువే ఇచ్చారు.

పిల్లిని ఆ గదిలోకి రానివ్వొద్దన్న సలహా మాత్రం నిలవలేదు. రెండు రాత్రులు తలుపు గీరింది, మూడో రాత్రి పాపే తలుపు తీసేసింది.

ఫిబ్రవరి చివరికి బుజ్జి దగ్గు వారానికి ఒకసారికి దిగింది. నోటి స్టెరాయిడ్ పూర్తిగా ఆపి ఇన్‌హేలర్ మీదే ఉంచాను. పాపకి కూడా రాత్రి లేచి కూర్చోవడం తగ్గిందన్నారు. నేను ఈ కేసు అయిపోయిందనుకున్నాను.

మార్చి

మార్చి రెండో వారంలో ఎండలు మొదలై ఏసీ వేశారు. మూడో రోజు ఫోన్: "సార్, మళ్ళీ మొదలైంది."

తలపట్టుకున్నాను. కాయిల్ లేదు, పొగ లేదు, మీటరు 30 లోపే. తర్వాత ఫైలు తిరగేస్తే మొదటి దగ్గు సెప్టెంబరులో అని ఉంది. అప్పుడు ఏసీ నడుస్తోంది. నేను ఇల్లు చూసింది జనవరిలో, ఏసీ మూసి ఉన్న నెలలో. ఒకే ఇంట్లో రెండు కారణాలు రెండు కాలాల్లో ఉంటే, ఒక్క కాలంలో చూసినవాడికి ఒక్కటే దొరుకుతుంది.

మళ్ళీ వెళ్ళాను. ఏసీ యూనిట్ సరిగ్గా బీరువా పైన ఉంది. ముందు రెక్క తీస్తే బ్లోవర్ మీద నల్లటి జిగురు బూజు. నీళ్ళు పోయే పైపు సగం పూడి ఉంది, ట్రేలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఏసీ వేస్తే గాలి శుభ్రమవుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఇక్కడ బూజు మీదుగా తిప్పుతోంది, ఆ గాలి మొదట తగిలేది బుజ్జికి.

సర్వీసు మనిషి వచ్చాడు. అతను గదిలోనే బ్లోవర్‌తో బూజంతా ఊదేశాడు, మంచం మీద పరుపు, పక్కన పాప, పైన పిల్లి. ఆ రాత్రి ఇద్దరికీ ఆ ఏడాదిలోకెల్లా గట్టి దగ్గు. పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళి నెబులైజర్ పెట్టించారు. గది ఖాళీ చేసి, పరుపు బయట పెట్టి, యూనిట్‌కి సంచీ కట్టి నీళ్ళతో కడగమని నేను ముందే చెప్పి ఉండాల్సింది. "సర్వీసు చేయించండి" అని మాత్రమే చెప్పాను. రెండోసారి ఆ పద్ధతిలో చేయించారు.

బీరువా జరిపితే వెనక గోడ మీద అరచేతి వెడల్పున ఆకుపచ్చ నలుపు బూజు. అవతల బాత్‌రూం పైపు చెమ్మ. వాళ్ళు మొదట పుట్టీ పెట్టి రంగేశారు, మొదటి వానకే బుడగలు లేచాయి. తర్వాత పైపు బాగుచేయించి, ప్లాస్టరు చెక్కి, గోడ ఆరేదాకా ఆగి రంగేశారు. బీరువా గోడకి జానెడు దూరంలో ఉంది ఇప్పుడు. నాయనమ్మ దూది పరుపు వారానికోసారి డాబా మీద ఎండబెడతారు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతుకుతారు. పాపకి తేలిన డస్ట్ మైట్ కోసం పిల్లల డాక్టరు చెప్పింది కూడా అదే.

నాయనమ్మ దగ్గు

పాప, పిల్లి కుదుటపడ్డారు. నాయనమ్మ మాత్రం దగ్గుతూనే ఉన్నారు. గొంతులో గరగరలాడే పొడి దగ్గు, ఏ కిటికీ తెరిచినా మారలేదు. ఇంట్లో 22 గంటలు ఉంటారు కదా అని నేను ఆవిడని కూడా నా కాగితంలో కలిపేసుకున్నాను. ఒకరోజు మాటల్లో బీపీ మాత్ర పేరు అడిగాను. రామిప్రిల్, అది కూడా కిందటేడాది నుంచే. ఆ జాతి మాత్రలకి పొడి దగ్గు బాగా తెలిసిన దుష్ఫలితం. నేను మాత్ర మార్చే మనిషిని కాను. ఆవిడ డాక్టరుకి చెప్పమన్నాను, ఆయన వేరే మందు ఇచ్చారు, నెల తిరిగేలోపు దగ్గు పోయింది. ఆ గంటల కాగితం నన్ను ఆ ఇంటి దాకా తీసుకెళ్ళింది. అందులో ఆవిడ వరుస మాత్రం కాకతాళీయం.

ఇలాంటి కేసు మళ్ళీ వస్తే మొదటి రోజే వీడియో అడుగుతాను. ఇంట్లో మిగతావాళ్ళ ఊపిరి గురించి, వాళ్ళ మందుల గురించి కూడా అడుగుతాను. ఇంటిని రెండు కాలాల్లో చూస్తాను. చివరిది చెప్పడం తేలిక, చేయడం కష్టం. క్లినిక్ వదిలి ఇల్లిల్లూ తిరిగే తీరిక ఎవరికుంది? ఇప్పుడు వీడియో కాల్‌లోనే ఏసీ రెక్క తీయించి, బీరువా వెనక టార్చి వేయించి చూస్తున్నాను.

బుజ్జిని కిందటి నెల చూశాను. నిద్రలో ఊపిరి 24. ఇన్‌హేలర్ రోజుకి ఒక్కసారికి వచ్చింది. డిసెంబరు చలిలో మూడు రాత్రులు దగ్గింది, ఏమిటని కనుక్కుంటే కింది ఫ్లాటు వాళ్ళు మెట్ల దగ్గర కాయిల్ పెడుతున్నారు. వాళ్ళతో మాట్లాడే పని మామ్మగారు తీసుకున్నారు, మీటరు ఒకసారి ఇమ్మని అడిగారు. బుజ్జి ఇంకా ఆ బీరువా మీదే పడుకుంటుంది. ఏసీ రెక్కలు మాత్రం అవతలి గోడ వైపు తిప్పి, కదలకుండా టేపు అతికించారు.